కార్తెల వెంట కెమెరా

రెండవ ప్రపంచయుద్ధము ఐరోపాను దహించుచున్న దినములలో, జర్మను సైన్యమునకు వశమైయున్న ప్రాగ్ నగరమున, కెమెరా భుజమున వేసికొని వీథిలోనికి వచ్చిన ప్రతివానిని అనుమానముతో చూచు కాలమున, మొదటి యుద్ధములో కుడిచేతిని పోగొట్టుకొన్న జోసెఫ్ సూదెక్ అను ఛాయాగ్రాహకుడు, ఒక పెరటిలో చెక్కలతో కట్టిన తన చిన్న స్టూడియోలో కూర్చుండి, దాని కిటికీని ఫొటో తీయుటకు మొదలిడెను. 1940లో ఆరంభించినవాడు 1954 వరకు ఆ కిటికీని విడువలేదు. ఆవిరి పట్టిన అద్దము, దానిమీద వాననీటి చారలు, ఆవల వంకరలు తిరిగిన ఒక చెట్టు, ఈవల కిటికీ గట్టున ఒక గ్లాసు నీరు, ఒకప్పుడు అందులో ఒక పూవు: ఇంతకు మించిన సామగ్రి ఆ చిత్రములలో లేదు. ఒక కిటికీతో పద్నాలుగేండ్లు ఏమి పని యని అడుగువారికి ఆ చిత్రముల వరుసయే సమాధానము. వానిలో ఏ రెండును ఒక తీరున నుండవు.

సూదెక్ వృత్తిచేత ఛాయాగ్రాహకుడు. ఈ వ్యాసము ఉద్యోగమో వ్యవసాయమో వ్యాపారమో ఇంటిపనియో చేసికొనుచు, తీరిక దొరకినపుడు సరదాకు ఫొటో తీసికొనువారిని ఉద్దేశించినది. అట్టివారిలో కొందరు ఒక నియమమును పట్టుచున్నారు: వారమునకొక ఛాయాచిత్రము చొప్పున ఒక సంవత్సరము పొడుగునను 52 చిత్రములు తీయుట. వారమునకు వందల ఫొటోలు ఫోనులో చేరుచున్న ఈ దినములలో ఒక్కటి తీయుట ఒక నియమమా యని నవ్వువారు ఉందురు. ఆ వందలలో ఆలోచించి తీసినవి ఎన్ని యని వారు తమ ఫోనునే అడిగి చూచుకొనవచ్చును. ఒకనాడు మన ఇండ్లలో మసలిన ఆగ్ఫా క్లిక్ త్రీ అను పెట్టెవంటి కెమెరాలో ఫిల్ము ఒక్కచుట్టకు 12 బొమ్మలు మాత్రమే వచ్చెడివి. ఎండ, మబ్బు అను గుర్తులను మార్చుకొనుట తప్ప దానిలో చేయదగిన పని అంతగా లేదు. ఐనను ఆ పన్నెండింటిని పెండ్లికో, పండుగకో, తిరుపతి ప్రయాణమునకో దాచుకొని, మీటను నొక్కుటకు ముందు ఇంటిల్లిపాదియు ఒక్క క్షణము ఊపిరి బిగబట్టెడివారు. ఆ బిగువు ఇప్పుడు పరికరములో లేదు. కావలెనన్న మనమే కల్పించుకొనవలెను. వారమునకొకటి యను నియమము అట్టి కల్పన.

మన దేశమున ఈ అభిరుచికి పెద్దదిక్కు వంటివాడు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రిగా ఆయనను ఎరిగినవారే యెక్కువ. 1870లో పుట్టి 1954లో గతించిన ఈ పంజాబు దొర సంస్కృత పారసీకములలో పండితుడు. ఫొటోలు తీయుట ఆయన జీవనోపాధి కాదు. దశాబ్దముల తరబడి తన్ను, తన భార్యను, తన కుమార్తెలను, తన పుస్తకముల గదిని తీయుచునే యుండెను. సుమారు ఆ కాలముననే మన సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము కొలువున ముసవ్వర్ జంగ్ అను బిరుదము పొందిన రాజా దీన్‌దయాళ్ చిత్రములను ఆ పక్కన ఉంచి చూచినచో, ఇక్కడ కోటలు, దర్బారులు, వేట విడుదులు, దొరల పరివారములు. అక్కడ ఒక తండ్రి అద్దమునెదుట నిలిచి తన ముఖమును తాను పరీక్షించుకొనుట. దీన్‌దయాళ్ పనితనము అసామాన్యమైనది, సందేహము లేదు. కాని సరదాకు తీయువానికి దర్బారులు దొరకవు. దొరకునది ఇల్లు, వీథి, మేడమీది గచ్చు, ఆఫీసు దారి. వారమువారము తీయదలచినవాడు ఈ సంగతిని మొదటనే ఒప్పుకొనినచో తరువాతి నిరాశ చాలవరకు తప్పును.

వారమే ఎందుకు? దినమునకొకటి తీసినవారును కలరు. న్యూయార్కులో జేమీ లివింగ్‌స్టన్ అను నతడు 1979 మార్చి 31న పోలరాయిడ్ కెమెరాతో మొదలిడి, 1997 అక్టోబరు 25న, తన 41వ జన్మదినమున, కన్నుమూయువరకు దినమునకొక్కటి చొప్పున తీయుచు వచ్చెను; రోగశయ్య మీది కడపటి దినములును ఆ వరుసలో కలవు. ఏడాదికొక్కటి తీసినవాడు నికొలస్ నిక్సన్. 1975 మొదలు తన భార్యను, ఆమె అప్పచెల్లెండ్రు మువ్వురను, ప్రతి యేడును అదే వరుసలో నిలిపి, నలుబది యేండ్లకు పైబడి తీసెను. ఆ నలుగురి ముఖములమీద కాలము నడచిన జాడ చూచువారికి కన్నులు చెమ్మగిల్లును. ఈ ఇద్దరును మాన్యులే. ఐనను ఉద్యోగస్థునికి దినమునకొకటి యను నియమము త్వరలోనే రాత్రి పదకొండు గంటలకు గుర్తుకువచ్చి, చేతికందిన కాఫీకప్పును తీసి పడుకొను మొక్కుబడిగా దిగజారును. ఏడాదికొకటి యనినచో చేయి తిరుగదు. నిరుడు నేర్చినది ఈ యేటికి మరపున పడును. వారమునందు ఒక సౌకర్యము కలదు. ఆదివారమునాడు తీసినది చెడినచో, ఎందుకు చెడినదో సోమ మంగళవారములు ఆలోచించి, బుధవారము సాయంకాలము మరల వెళ్లి దిద్దుకొనవచ్చును. ఒక చిత్రమునకు రెండు ప్రయత్నములు, నడుమ కొంత ఆలోచన: పనివాడైన మనుష్యుడు నేర్చుకొనుటకు ఇంతకంటె అనువైన కొలత నాకు తోచదు.

ఇక తీయవలసిన వస్తువును గూర్చి. ఇందుకు సిద్ధముగా దొరకు జాబితాలు పెక్కు కలవు: మొదటి వారము స్వీయచిత్రము, రెండవ వారము ప్రతిబింబము, మూడవ వారము ఎరుపు, నాలుగవ వారము నలుపుతెలుపులు, ఇట్లు 52 వరకు. అందు కొన్ని మంచి అభ్యాసములే. కాని ఆ జాబితాలు చాలవరకు శీతలదేశములలో కూర్చబడినవి గావున, జనవరిలో మంచు కప్పిన వీథిని, అక్టోబరులో రాలుటకు సిద్ధమైన ఎఱ్ఱని ఆకును తీసికొని రమ్మనును. కరీంనగరులోనో కాకినాడలోనో ఉన్నవాడు అక్టోబరులో ఎఱ్ఱని ఆకునకై ఎక్కడ వెదకును? అప్పటికి మన చెట్లు వానలకు కడిగినట్లు పచ్చగా నుండును. మన రావిచెట్టు ఆకు రాల్చునది మాఘ ఫాల్గుణములలో. రాల్చిన కొలదిదినములకే రాగిరేకుల వంటి లేతాకు తొడుగును. ఆ లేతాకు వెనుక ప్రొద్దుటి సూర్యుడు నిలిచినపుడు తీసిన ఫొటోను, విదేశపు జాబితాలోని ఏ శరత్కాలముతోనైనను నిలిపి చూచుకొనవచ్చును. కాని జాబితాను నమ్మి కూర్చున్నవాడు ఆ వారమున ఏ ‘రేఖాగణితము’ అను శీర్షికకొరకో మెట్లను ఫొటో తీయుచుండును.

మనకు వేరొక జాబితా కలదు. ఫొటోలకొరకు దానినెవరును కూర్చలేదు. వ్యవసాయదారులు దుక్కికి, విత్తనమునకు, కోతకు తరతరములుగా నమ్ముకొన్న కార్తెల లెక్క అది. సూర్యుడు 27 నక్షత్రములలో ఒక్కొక్కదానియందు నిలుచు కాలము ఒక్కొక్క కార్తె. అనగా పదమూడు పద్నాలుగు దినములు. 52 వారములను 27 కార్తెలకు పంచినచో ఒక్కొక్కదానికి రెండు వారములకు కించిత్తు తక్కువ వచ్చును. లెక్క సరిగా అతుకదు. ఐనను అతికించుకొనుటకు అడ్డు లేదు. పంచాంగము చూచి, కార్తె ప్రవేశించిన వారమున ఆకాశమును, పొలమును, వీథిని దూరమునుండి తీయుట, రెండవ వారమున అదే కార్తెకు చెందిన ఒక చిన్న వస్తువునకు ముఖము ఆనించినట్లు దగ్గరగా పోయి తీయుట: ఈ ఒక్క విభాగము చేసికొనినచో ఏమి తీయవలెనను చింత సగము తీరును.

ఎప్పుడు ప్రారంభించవలెను? అందరును జనవరి ఒకటవ తేదీన ప్రారంభింతురు. నా అభిప్రాయమున అది మంచి ముహూర్తము కాదు. సంక్రాంతి ముగ్గులతోను, మొదటి ఉత్సాహముతోను కొన్ని వారములు హాయిగా గడచును. ఉత్సాహము సన్నగిల్లు వేళకు రోళ్లు పగులు రోహిణి కార్తె ఎదురగును. ఆకాశము దుమ్ముతో తెల్లబారి, పగలంతయు ఒకటే మంట. కెమెరా పట్టుకొని బయటికి పోవుటకు బుద్ధి పుట్టదు. మృగశిర ప్రవేశించు జూను 8 ప్రాంతమున మొదలిడినవానికి ప్రకృతియే తోడు వచ్చును. మబ్బు తెర కట్టుటచేత వెలుగు మెత్తబడును, వాన దుమ్మును కడిగివేయును, వారమువారమునకు నేల రంగు మారును. చేయి తిరుగని తొలి దినములలో కంటికి ఇంత సహాయము అవసరమే.

ఆ వెంటనే, జూను 22 ప్రాంతమున, ఆరుద్ర. ఈ కార్తె పేరనే పిలువబడు ఆరుద్ర పురుగు, తొలకరి తడిసిన ఎఱ్ఱనేలలలోను ఇసుక నేలలలోను ఒక్కసారిగా పైకి వచ్చును. చిటికెనవ్రేలి గోరంత ఒడలు, దానిపై మఖమలు నునుపు, కుంకుమను మించిన ఎరుపు. ఎనిమిది కాళ్లు గలది గావున ఇది సాలీళ్ల తెగకు చెందినది. తాకినచో కాళ్లు ముడుచుకొని గింజవలె పడియుండును, కొంతసేపటికి ఒక కాలు చాచి పరిసరములను పరీక్షించి మరల నడచును. నిలుచుండి పైనుండి తీసినచో ఇది ఎఱ్ఱని చుక్క తప్ప మరేమియు కాదు. మోచేతులు నేలమీద ఆనించి, లెన్సును పురుగు ఎత్తునకు దించవలెను. అప్పుడు దానికెదురుగా నున్న గరికపోచ ఒక మహావృక్షమగును. మరియు ఫోను కెమెరాలు అరచేతి వెడల్పునకంటె దగ్గరగా పోయినచో పెక్కుమారులు స్పష్టతను కోల్పోవును. కొంచెము వెనుకకు జరిగి తీసి, తరువాత అనవసరమైన భాగమును కోసివేయుట మేలు. వాన వెలిసిన ప్రొద్దుటి వేళ ఇవి తిరుగును. ఎండ ముదిరినచో మట్టిలోనికి దిగిపోవును. కావున ఈ వారపు ఫొటోకు బద్ధకము పనికిరాదు.

తక్కిన కార్తెలను గూర్చి ఇంత వివరము అక్కరలేదు, ఎవరి ఊరు వారికి నేర్పును. ఉత్తర, హస్త కార్తెలలో తెలంగాణమున బతుకమ్మకై తంగేడు, గునుగు ఇండ్లకు చేరును. స్వాతి, విశాఖలు వెళ్లునాటికి అరకులోయలో వలిసెపూలు కొండవాలులను పసుపుపచ్చగా చేయును. మూలా పూర్వాషాఢలలో ధనుర్మాసపు తెలతెలవారగట్ల ముగ్గులు. శతభిషమునాటికి ఆకు లేని మోదుగ కొమ్మలకు చిలుకముక్కు వంటి నారింజరంగు పూలు. ఈ మోదుగను తీయునపుడు ఒక చిక్కు వచ్చును: వెనుక ఆకాశము తెల్లగా వెలుగుచుండుటచేత కెమెరా ఆ వెలుగునకు లెక్క కట్టి చెట్టును బొగ్గువలె నల్లగా చేయును. ఫోను తెరమీద పూవును వ్రేలితో తాకి, దాని వెలుగునకే కొలత తీసికొమ్మని చెప్పినచో పూవు రంగు నిలుచును, ఆకాశము పాలిపోయినను పోనిమ్ము. ఉత్తరాభాద్రకు వేపపూత, ఉగాది పచ్చడిలో పడిన వేపపూవును చూచితిమే గాని చెట్టుననున్న పూవు అయిదు రేకుల నక్షత్రమని గమనించినవారము ఎందరము?

కార్తెల మాట వచ్చినది గావున నీడల ముచ్చట విడుచుటకు మనసొప్పదు. మన ప్రాంతము కర్కటరేఖకు దక్షిణమున నుండుటచేత ఏడాదికి రెండుమారులు మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. హైదరాబాదులో అది మే 9న ఒకమారు, ఆగస్టు 3న ఒకమారు. తిరుపతిలో ఏప్రిలు చివరి వారముననే, శ్రీకాకుళము వైపు మే నడిమి దినములలో. ఆ దినమున పండ్రెండు గంటలు దాటిన కొన్ని నిమిషములకు నిలువుగా నున్న వస్తువు నీడ దానిక్రిందనే అణగిపోవును. మేడమీద తులసికోట ఉన్నవారు దీనిని ఒక ప్రత్యేక వరుసగా పెట్టుకొనవచ్చును: వారమునకొకసారి, ఒకే చోట నిలిచి, ఒకే ఎత్తునుండి, మిట్టమధ్యాహ్నము తీయుట. హైదరాబాదులో మూడడుగుల కోటకు డిసెంబరు 22 ప్రాంతమున రెండున్నర అడుగులు దాటిన నీడ ఉత్తరముగా సాగును. అది వారమువారమునకు ముడుచుకొని మే 9న మాయమై, ఆ తరువాత దక్షిణమునకు తిరిగి, జూను 21న నాలుగంగుళములకు లోపుగా నిలిచి, మరల వెనుకకు మళ్లును. నీడ దిక్కు మార్చుకొను ఈ వింతను చూచుటకు వేలు ఖర్చు చేసి ఎక్కడికిని పోనక్కరలేదు. మధ్యాహ్నపు ఎండ ఫొటోలకు పనికిరాదని గ్రంథములు చెప్పుమాట వాస్తవమే గాని, ఎండయే వస్తువైనపుడు ఆ మాట చెల్లదు.

వాన విడువని వారములలోను, ఒంట్లో నలతగా నున్న వారములలోను ఇల్లు విడిచి పోవుటకు వీలుండదు. అప్పటికి ఎడ్వర్డ్ వెస్టన్ దారి కలదు. 1930లో కాలిఫోర్నియాలో ఆయన ఒక క్యాప్సికం కాయను రేకు గరాటులో నిలిపి తీసిన ఫొటో, ‘పెప్పర్ నంబరు 30’ అను పేర, లోకప్రసిద్ధమైనది; ఆ సంఖ్యయే చెప్పుచున్నది, అంతకుముందు ఎన్ని కాయలతో కుస్తీ పట్టెనో. కాయ వంపులమీద వెలుగు జారిన తీరు చూచినచో అది కూరగాయ యను మాట మరపునకు వచ్చును. మన వంటింట ఈ అభ్యాసమునకు బీరకాయను మించినది లేదు. కిటికీ ప్రక్కన పీటవేసి, నల్లని గుడ్డ పరచి, బీరకాయను దానిపై పెట్టుడు. వెలుగు కాయకు ఎదురుగా పడినచో దాని కణుపులన్నియు చదునై, పచ్చని కఱ్ఱవలె కనబడును. పీటను తిప్పి, వెలుగు ప్రక్కనుండి రాచుకొనిపోవునట్లు చేసినచో, ప్రతి గీతకు ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ చేరి, కాయ మేనంతయు చాళ్లు దున్నినట్లు లేచి నిలుచును. నీడవైపు మరీ చీకటిగా తోచినచో కిటికీకి ఎదుటి దిక్కున ఒక తెల్లని తువాలునో తెల్లకాగితమునో నిలువబెట్టుడు. అది కిటికీ వెలుగులో కొంత తిరిగి పంపును. ట్యూబులైటును ఆర్పివేయుట మరువరాదు, రెండు రంగుల వెలుగు కలిసినచో పచ్చదనము పాడగును. ఇంటిలోని వెలుగు తక్కువగుటచేత షట్టరు ఎక్కువసేపు తెరచుకొని యుండును, ఆలోగా చేయి కదలినచో బొమ్మ అలుకుకొనిపోవును. ఫోనును బియ్యపుడబ్బాకు ఆనించి, మూడు సెకండ్ల టైమరు పెట్టి, చేయి తీసివేయుడు. ఇంతయు చేసినపిమ్మట ఆ బీరకాయ పచ్చడికి వినియోగింపబడును గావున ఇంటివారినుండి ఆక్షేపణ ఉండదు.

పరికరమును గూర్చి నేను ఎక్కువ చెప్పదలచుకొనలేదు. ఈ నియమము పట్టుటకు కొత్త కెమెరా కొనవలెనని ఎవరైన అనినచో వారి మాట వినకుడు. ఉన్న ఫోను చాలును; దాని లెన్సును మెత్తని నూలుగుడ్డతో తుడిచినచో సగము కొత్తదగును. వ్రేళ్లతో సాగదీసి దూరపు వస్తువును పెద్దది చేయుటవలన స్పష్టత నశించును. కాళ్లతో నడచి పోవుట ఉత్తమము. కెమెరా గలవారు మాత్రము అప్పుడప్పుడు దాని తెలివిని ఆపివేసి పాతవారి కొలతను ఆచరించి చూడవలెను: నిండు ఎండలో ఎపర్చరు 16 వద్ద ఉంచి, ఫిల్ము వేగమెంతయో షట్టరును సెకండులో అన్నవ వంతునకు పెట్టుట. వేగము 100 అయినచో నూరవ వంతు, లేదా దానికి దగ్గరగా నున్న 125వ వంతు. మబ్బు పట్టినచో ఎపర్చరును 11కో 8కో తెరచుట. ఎపర్చరు ఒక్కమెట్టు తెరచినచో వెలుగు రెండింతలగును. ఈ లెక్క నాలుగు వారములు చేసినవానికి తదుపరి ఏ కెమెరాయైనను భయము కలిగించదు.

మనుష్యులను తీయవలెనన్న ముందు అడుగవలెను. దూరమునుండి దొంగచాటుగా తీయుట ఒక కళయని వాదించువారు కలరు, ఆ వాదము నాకు రుచింపదు. బతుకమ్మ వారమున సంతలో బంతిపూలు అమ్ము ఆమెను, “అమ్మా, ఒక్క ఫొటో తీసుకోనా?” అని అడిగినచో, “ఫొటో తీస్తే నాకేమొస్తది బిడ్డా, రెండు మూరలు తీస్కపో” అని ఆమె అనవచ్చును. ఆ రెండు మూరలు కొనుట న్యాయము. కొనుచు నాలుగు మాటలు మాట్లాడినచో మొదట బిగుసుకొనిన ముఖము సడలును, ఆమె మూర కొలుచుచుండగా ఆ మోచేయి, ఆ దారము, ఆ పూలు అన్నియు తమంత తామే చిత్రమగును. వద్దన్నచో నమస్కారము చేసి కదలిపోవలెను. తీసినదానిని ఒకటి కాగితముమీద వేయించి, మరుసటి సంతకు పోయి ఆమె చేతికిచ్చుట వారమువారము తీయువానికి సులభమైన పని; ఆ పిమ్మట ఆ సంతలో అతనికి ఎదురుచెప్పువారుండరు. పిల్లలను మాత్రము తల్లిదండ్రుల అనుమతి లేనిదే తీయనే కూడదు.

ఎంత నిష్ఠతో మొదలిడినను నడుమ ఒక కాలము వచ్చును. తీసినవన్నియు ఒకేరీతిగా కనబడును. ఇంటివారు చూచి ‘బాగున్నది’ అని తల త్రిప్పుకొందురు. ఇంకను ముప్పది వారములున్నవని లెక్క చూచుకొనినచో నీరసము వచ్చును. చాలమంది ఇక్కడనే మానుకొందురు. మానుటకు కారణము సాధారణముగా ఒక్క వారము తప్పుట: పెండ్లి ప్రయాణమో, జ్వరమో, ఆఫీసులో మార్చి నెల లెక్కలో అడ్డు వచ్చి ఒక వారము గడచిపోవును, వరుస తెగినదను బాధతో మిగిలినదంతయు విడిచివేయుదురు. మన ఆడవారి నోములకు ఈ విషయమున ఎక్కువ లోకజ్ఞానము కలదు. ఏడాది నోము పట్టినవారు కథ చెప్పుకొని అక్షతలు వేసికొనుచు, కథ లోపమైనను వ్రతలోపము కారాదని తుదిని అనుకొందురు. ఏడాది పొడుగునను మనుష్యునికి ఏదో ఒక అడ్డంకి వచ్చునని ఎరిగిన పెద్దలు ఏర్పరచిన సడలింపు అది. తప్పిన వారమునకు బదులు మరుసటి వారమున రెండు తీయుడు, లేదా ఆ సంఖ్యను ఖాళీగా ఉంచి ముందునకు పొండు. 51 చిత్రములతో ముగిసిన ఏడాదిని ఏ న్యాయస్థానమును కొట్టివేయదు. ఐతే పాతఫొటో ఒకటి తెచ్చి ఈ వారపుదని పెట్టుట మాత్రము కూడదు. దానివలన మోసపోవువాడు తీసినవాడే.

ఈ నీరసమునకు వేరొక మందు, పరిధిని కుదించుట. ఊరంతయు తిరిగి తీయుచుండినవాడు ఒక నెలదినములు తన వీథిని మాత్రమే తీయవలెనని కట్టుబాటు చేసికొనినచో, వస్తువు తగ్గినకొలది చూపు పదునెక్కును. వీథిలో మంగలిదుకాణపు అద్దము, ఇస్త్రీబండి బొగ్గులు, మధ్యాహ్నము మూసియున్న కిరాణాకొట్టు తలుపు, విద్యుత్తు తీగెలమీద వ్రేలాడు గాలిపటపు శిథిలములు: ఇవన్నియు అంతకుముందును అక్కడనే యున్నవి.

వారాంతమున ఒక్కటి ఏరుట తీయుటకంటె కష్టము. పది తీసినవాడు తొమ్మిదింటిని ప్రక్కన పెట్టవలెను. వానిలో తాను ఎండలో గంటసేపు నిలిచి తీసినది ఉండును, ఆ శ్రమను తలచుకొని మనసు దానివైపు లాగును. చూచువారికి ఆ శ్రమ తెలియదు, తెలియవలసిన పనియు లేదు. అందుచేత తీసిననాడే ఏరక, రెండు దినములు కడచినపిమ్మట ఏరుట మంచిది. ఏరినదానిక్రింద నాలుగు ముక్కలు వ్రాయుడు: ఏ కార్తె, ఎక్కడ, వెలుగు ఎటునుండి, ఏది కుదరలేదు. తేదీ, గంట, షట్టరు వేగము ఫొటో ఫైలులోనే నమోదై యుండును గావున వానిని మరల వ్రాయనక్కరలేదు. ఫోను అమరికనుబట్టి తీసిన చోటు కూడ అందులో చేరును, తమ ఇంటి జాడ పదిమందికి తెలియుట ఇష్టము లేనివారు పంచుకొనుటకు ముందు ఆ అమరికను చూచుకొనవలెను. బంధువులకు వాట్సాపులో పంపునది తగ్గింపబడి చేరును. అసలు ఫైలు పోవలెనన్న డాక్యుమెంటుగా పంపవలెను. అన్నిటిని ఒక్క ఫోనులోనే ఉంచుకొని, ఆ ఫోను బస్సులో పోయిన పిమ్మట వగచువారు ఊరికొకరున్నారు. రెండవచోట ఒక ప్రతి అవసరము.

ఏడాది చివర వీనిని కాగితముమీద వేయించుడు. నాలుగంగుళములు ఆరంగుళముల ఫొటోకు, అంగుళమునకు 300 చుక్కల లెక్కన, 1200 చుక్కలు 1800 చుక్కలు చాలును, అనగా ఇరువది రెండు లక్షలకు లోపు; నేటి ఏ ఫోనైనను అంతకు ఎన్నో రెట్లు ఇచ్చును. 52 ఫొటోలు వేయించుటకు అగు ఖర్చు ఒక సినిమాకు కుటుంబమంతయు పోయివచ్చుటకంటె ఎక్కువ కాదు. వానిని నేలమీద పరచి, తేదీలవారీగా ఒకమారు, తేదీలు చూడక రంగులనుబట్టి ఒకమారు, వెలుగునుబట్టి ఒకమారు పేర్చి చూడుడు. ఆరవ వారమున తీసినది నలుబదియవ వారమున తీసినదాని పక్కన చేరినపుడు, తనకు తెలియకయే తాను మరల మరల ఏ వస్తువు చెంతకు పోవుచున్నాడో తీసినవానికి తెలియవచ్చును: కొందరికి తలుపులు, కొందరికి చేతులు, కొందరికి నీటిమడుగులు. మరుసటి ఏటికి వేరే జాబితా అక్కరలేదు, అదే వస్తువు. ఫొటోల వెనుక వ్రాయునపుడు బాల్‌పెన్ను వాడకుడు, దాని ఒత్తుడు ముందువైపున తేలును. మెత్తని పెన్సిలుతో, అంచున, తేలికగా, కార్తె పేరును ఊరి పేరును వ్రాసి, పాత కాలపు జిగురు ఆల్బములో అతికించక, మూలలను మాత్రమే పట్టియుంచు కాగితపు తొడుగులలో దూర్చి పెట్టుడు. ఎప్పుడైన ఒకదానిని బయటికి తీసి ఎవరికైన ఇవ్వవలసివచ్చినచో చినుగకుండ వచ్చును.